చాప చుట్టలో ప్రోగ్రెస్ కార్డు

ఏడో తరగతి అర్ధ సంవత్సర పరీక్షల్లో నాకు లెక్కల్లో వందకు 31 వచ్చాయి. కార్డు నాన్నకు చూపించి సంతకం పెట్టించుకు రావాలి. నాన్న కోపం నాకు తెలుసు. మా ఇంట్లో మూల గదిలో గోడకు ఆనించి చాపలు నిలబెట్టి ఉండేవి. వాటిలో ఎవరూ పరుచుకోని ఒక పాత చాప చుట్టలోకి ఆ కార్డు దూర్చేశాను. బళ్లో అడిగితే ‘నాన్న ఊళ్లో లేరు సార్’ అన్నాను. ఇంట్లో అడిగితే ‘ఇంకా ఇవ్వలేదు’ అన్నాను. సంక్రాంతికి చుట్టాలొచ్చారు. పడకలకు చాపలన్నీ దింపారు. కార్డు జారి నాన్న కాళ్ల దగ్గరే పడింది.

తిన్న దెబ్బలు ఎప్పుడో మర్చిపోయాను. ఇన్నేళ్ల తర్వాత కూడా నొప్పి పుట్టించేది వేరే ఉంది. నాకు భిన్నాలు అర్థం కాలేదు. హారాలు వేరుగా ఉన్న రెండు భిన్నాలను ఎలా కూడాలో తెలియలేదు, అంతే. ఎవరైనా ఒక ఆదివారం పక్కన కూర్చోబెట్టుకుని చెబితే వచ్చేసేది. కార్డు దాగినన్నాళ్లూ ఆ సంగతీ దాగింది. బయటపడ్డాక అందరూ నా అబద్ధం గురించే మాట్లాడారు. భిన్నాల ఊసు ఎవరూ ఎత్తలేదు.

ఇప్పుడు మీ సంగతికి వద్దాం. మిమ్మల్ని కార్డు చూపించమనే నాన్న ఇప్పుడు లేరు. ఉన్నా అడగరు. మరి తెరవకుండా పక్కన పెట్టిన కవరు మీ ఇంట్లో ఏదైనా ఉందా? క్రెడిట్ కార్డు బిల్లా? రక్తపరీక్ష రిపోర్టా? ‘తర్వాత మాట్లాడతాను’ అని ఆరు నెలలుగా మీరు ఫోను చేయని స్నేహితుడా? వాటిని ఎవరి నుంచి దాస్తున్నారు? ఆలోచించండి. బిల్లు చూడగానే ‘నీకు బుద్ధి ఉందా, డబ్బు విలువ తెలుసా’ అని విరుచుకుపడే మనిషి ఒకరున్నారు. ఆ మనిషి మీలోనే ఉన్నారు. తిట్టేదీ మీరే, చాప చుట్టలో దాచేదీ మీరే.

తనను తాను తెలుసుకోవాలని పెద్దలందరూ చెప్పారు. ఎలా తెలుసుకోవాలన్న దగ్గరే మనం ఆగిపోతాం. చాలామంది తమను తాము నిలదీసుకుంటే నిజం బయటపడుతుందనుకుంటారు. నేను చూసినంతలో జరిగేది దానికి సరిగ్గా ఉల్టా. కొట్టే చేతికి ఎవరూ కార్డు ఇవ్వరు. మీ మనసూ ఇవ్వదు.

గాంధీజీ ఆత్మకథలో ఒక ఘట్టం ఉంది. ఆయనకు పదిహేనేళ్లప్పుడు అన్నగారికి 25 రూపాయల దాకా అప్పు పడింది. అది తీర్చడానికి ఆ అన్న చేతికున్న బంగారు కడియం నుంచి గాంధీజీ చిన్న ముక్క తీశారు. అప్పు తీరింది కానీ మనసు కుదుటపడలేదు. చేసిన తప్పంతా ఒక కాగితం మీద రాసి, శిక్ష వేయమని కోరి, వణుకుతూ తండ్రి కరమ్‌చంద్ గాంధీ చేతికిచ్చారు. ఆయన అప్పటికే జబ్బుతో మంచం మీద ఉన్నారు. లేచి కూర్చుని చదివారు. కన్నీళ్లు కాగితం మీద పడ్డాయి. కళ్లు మూసుకుని కాసేపు ఆలోచించి, కాగితం చింపేసి, మళ్లీ పడుకున్నారు. ఒక్క మాట అనలేదు. ఆ మౌనాన్ని గాంధీజీ జీవితాంతం మర్చిపోలేదు.

ఆ తండ్రి తప్పును తప్పు కాదనలేదు. చదివారు, బాధపడ్డారు. కానీ కాగితం ఇచ్చిన చేతిని కొట్టలేదు. మీతో మీరు ఉండాల్సిన తీరు అదే. ఇక చేయాల్సిన పనుల్లోకి వెళదాం.

1. మూడు రోజులు ఊరికే వినండి

ఏదీ మార్చొద్దు. మీతో మీరు అనుకునే మాటలను ఉన్నవి ఉన్నట్టు పట్టుకోండి, అంతే. చొక్కా జేబులో పట్టే చిన్న నోటుబుక్కు, లేదంటే ఫోన్లో ఒక పేజీ చాలు. ‘నిరాశగా అనిపించింది’ అని రాయకండి. అది పుస్తకం భాష. లోపల వినిపించిన మాటే రాయండి. ‘నీ మొహానికి ఇంగ్లిష్ ఒకటి’, ‘దండగ మనిషివి’, ‘ఈ వయసులో నీకెందుకే’ అన్న మాటలను అలాగే రాయండి. సాగదీసిన చోట సాగదీసి రాయండి.

మూడో రోజు రాత్రి ఆ పేజీని పైకి చదవండి. ఒక్కసారి కాదు, రెండుసార్లు. ఇందులో ఏ మాట ఎవరిది? ఇది తప్పకుండా అడగాల్సిన ప్రశ్న. ‘మొద్దు’ అన్నది మీ లెక్కల మాస్టారి మాట కావచ్చు. ‘ఎవరైనా చూస్తే ఏమనుకుంటారు’ అన్నది మేనత్త మాట కావచ్చు. వాళ్లలో కొందరు ఇప్పుడు బతికి లేరు కూడా. ముప్పై ఏళ్ల కిందట ఎవరో విసుగులో అన్న మాటను మీరు ఇవాళ్టికీ రోజుకు నాలుగుసార్లు మీకు మీరే చెప్పుకుంటున్నారు.

ఎవరి మాటో తెలిసిన క్షణం ఆ మాట బరువు కొంత తగ్గుతుంది. పూర్తిగా పోదు. పోవాలని పట్టుపట్టకండి.

2. పాలు పొంగినప్పుడు ఏమంటున్నారో చూడండి

పెద్ద పెద్ద కష్టాల్లో మనం అందరి ముందూ ఉంటాం కాబట్టి సర్దుకుంటాం. ఎవరూ చూడని చిన్న పొరపాటు దగ్గర మన అసలు తీరు తెలుస్తుంది.

పొయ్యి మీద పాలు పెట్టారు. ఫోను మోగింది. తిరిగొచ్చేసరికి పాలు గిన్నె అంచు దాటి బర్నరు మీద పడి, మాడిన వాసన వంటగదంతా నిండింది. స్టవ్ ఆపేలోపే లోపల మొదలవుతుంది. ‘ఒక్క పని కుదురుగా చేసి చచ్చావా? నీకు ధ్యాస ఎక్కడుంటుంది?’ తుడుస్తున్నంతసేపూ అదే గొడవ. చెయ్యి బర్నరు మీద ఉంటుంది, మనసు పదేళ్ల కింద చేసిన ఇంకో తప్పు మీద ఉంటుంది.

ఇప్పుడు అదే పొయ్యి, అవే పాలు. అయితే పొంగించింది పక్కింటి పన్నెండేళ్ల పిల్ల. మీరేమంటారు? ‘అయ్యో, చెయ్యి కాలిందా అమ్మా? ముందు స్టవ్ ఆపెయ్. ఆ గుడ్డ ఇలా తే. ఈసారి పాలు పెట్టినప్పుడు సన్న మంట మీద పెట్టుకో.’ గమనించారా? ముందు చెయ్యి కాలిందేమో అడిగారు. తర్వాత పని చూశారు. చివర ఒక మెలకువ చెప్పారు. ఆ పిల్లకు మూడూ అందాయి. మీకు మాత్రం ఏదీ అందలేదు.

వారం రోజులు ఒకే నియమం పెట్టుకోండి. పొరపాటు జరగగానే ఆ మూడు ప్రశ్నలూ అదే వరసలో వేసుకోండి. దెబ్బ తగిలిందా? ఇప్పుడు చేయాల్సిన పనేంటి? ఈసారికి ఏం గుర్తుపెట్టుకోవాలి? మొదటిది వదిలేసి మూడోదానికి దూకడం మనందరికీ అలవాటు. అందుకే ఆ మెలకువ బుర్రకెక్కదు.

3. ముద్దుపేరుతో పిలుచుకోండి

చిన్నప్పుడు ఇంట్లో మిమ్మల్ని ఏమని పిలిచేవారు? చిన్నీ? బుజ్జీ? నానీ? కన్నా? మనసులో మీతో మాట్లాడుకునేటప్పుడు ఆ పేరు వాడండి.

ఇది ఊరికే చెబుతున్న మాట కాదు. అమెరికాలో మిషిగన్ విశ్వవిద్యాలయానికి చెందిన ఈథన్ క్రాస్, మరికొందరు 2014లో ఒక పరిశోధన ప్రచురించారు. నలుగురి ముందు మాట్లాడాల్సి వచ్చినవాళ్లలో కొందరు మనసులో ‘నేను’ అనుకున్నారు, కొందరు తమను తాము పేరుతో పిలుచుకున్నారు. పేరుతో పిలుచుకున్నవాళ్లు తక్కువ కంగారు పడ్డారు. తర్వాత దాన్నే తలుచుకుని కుమిలిపోవడమూ తక్కువే. పేరు పెట్టి పిలిస్తే మనకూ మన కష్టానికీ మధ్య ఒక అడుగు జాగా వస్తుంది.

మన భాషలో ఇంకో సౌకర్యం ఉంది. ముద్దుపేరు పిలిచాక తిట్టు నోటికి రాదు. ‘చిన్నీ, ఇవాళ మీటింగులో గొంతు వణికింది. మొదటి రెండు నిమిషాలే. తర్వాత బాగానే చెప్పావు’ అని అనుకుని చూడండి. ఆ పేరు పిలిచిన మనిషి గొంతు కూడా దాని వెంటే వస్తుంది.

4. బిరుదులు తీసేసి తేదీలు రాయండి

హైదరాబాద్ అశోక్‌నగర్‌లో గ్రూప్స్‌కు చదువుకునే ఒక కుర్రాణ్ని ఊహించుకోండి. చిక్కడపల్లి లైబ్రరీలో కుర్చీ కోసం పొద్దున్నే లైన్లో నిలబడాలి. రెండు రోజులు నిద్ర లేవలేకపోయాడు. నోటుబుక్కులో ‘నేను బద్ధకస్తుణ్ని’ అని రాసుకున్నాడు. ఈ వాక్యంతో అతను చేయగలిగింది ఏముంది? ఏమీ లేదు. బద్ధకస్తుడికి మందు లేదు. తలొంచుకోవడమే.

అదే కుర్రాడు ఇలా రాశాడనుకోండి: ‘సోమవారం, మంగళవారం అలారం మోగినా లేవలేదు. రెండు రాత్రులూ ఒంటి గంట దాకా ఫోను చూశాను. ఆ రెండు రోజులూ ఇంటి నుంచి నాన్న ఫోన్ చేసి, ఈసారైనా నోటిఫికేషన్ వస్తుందా అని అడిగాడు.’ ఇప్పుడు కనిపిస్తోందా? బద్ధకం కాదది. నాన్న అడిగిన ప్రశ్నకు తన దగ్గర జవాబు లేదు. ఆ గుబులుతో నిద్రపట్టక ఫోను పట్టుకున్నాడు. అతనికి కావాల్సింది ఇంకో అలారం కాదు. నాన్నతో ఒక్కసారి తీరిగ్గా మాట్లాడాలి.

‘నేనింతే’, ‘నాకు కోపం ఎక్కువ’, ‘నా వల్ల కాదు’, ‘నాది నోట్లో నాలుక లేని రకం’. ఇవన్నీ బిరుదులు. వినడానికి నిజం ఒప్పుకున్నట్టే ఉంటాయి. నిజానికి చూడాల్సిన దాని మీద దుప్పటి కప్పుతాయి. బిరుదు కనిపించిన ప్రతిచోటా దాన్ని కొట్టేసి రోజు, టైము, చోటు, పక్కన ఎవరున్నారు, అంతకు ముందు ఏం జరిగింది అన్నవి రాయండి.

5. ‘ఎందుకు’ అని కాదు, ‘ఎప్పుడు’ అని అడగండి

‘నేనెందుకిలా ఉన్నాను’ అన్న ప్రశ్న రాత్రి రెండు గంటలకు వచ్చిందంటే తెల్లారిపోతుంది, జవాబు మాత్రం రాదు. అది ప్రశ్నలా కనిపించే తిట్టు. ‘ఎప్పుడిలా ఉంటున్నాను’ అని అడిగితే నోటుబుక్కు జవాబు చెబుతుంది.

ఒక తల్లి సంగతి తీసుకుందాం. పిల్లల మీద రోజూ అరుస్తున్నానని కుమిలిపోతోంది. తను మంచి తల్లి కాదని నిర్ణయించేసుకుంది. పది రోజులు టైము రాయమంటే తేలింది ఇది: అరుపులన్నీ సాయంత్రం ఆరున్నరకూ ఎనిమిదికీ మధ్యే. ఆదివారాలు ఒక్కటీ లేదు. ఆఫీసులో మధ్యాహ్నం పన్నెండున్నరకు బాక్సు తింటుంది. తర్వాత రాత్రి తొమ్మిదిన్నరకు అందరికీ పెట్టాకే ఆమె ముద్ద నోట్లో పెట్టుకునేది. తొమ్మిది గంటలు కడుపులో టీ తప్ప ఏమీ లేదు. బస్సు దిగగానే రెండు అరటిపళ్లు తినడం మొదలుపెట్టాలి. ఆమె ముందు తెలుసుకోవాల్సిన తన గుట్టు ఈ ఆకలే. పళ్లు తిన్నాక కూడా అరుపులు మిగిలితే, ఆ మిగిలిన వాటి గురించి అప్పుడు చూడాలి.

ఆత్మజ్ఞానం అనగానే మనకు హిమాలయాలు కనిపిస్తాయి. దాని మొదటి మెట్టు మీకు ఆకలి ఎప్పుడు వేస్తుందో, నిద్ర ఎన్ని గంటలు కావాలో, ఎవరితో మాట్లాడి వచ్చాక అలిసిపోతారో తెలియడం. చాలామందికి తమ స్కూటీ మైలేజీ తెలిసినంతగా ఇవి తెలియవు.

6. ఒక్కరిని అడగండి

మన వీపు మనకు కనిపించదు. మిమ్మల్ని ఇష్టపడే, అయినా మొహమాటం లేని ఒక్క మనిషిని ఎంచుకోండి. ‘నేను అలిసిపోయానని నీకెలా తెలుస్తుంది?’ అని అడగండి. ‘నాలో లోపాలేంటి’ అని మాత్రం అడగకండి. అలా అడిగితే వాళ్లూ బిరుదులే ఇస్తారు.

ఎక్కువమంది ఎక్కడ తడబడతారంటే

‘తిట్టుకోకపోతే నాకు పని జరగదండీ, కొరడా దించితే గుర్రం పడుకుంటుంది’ అంటారు కొందరు. ఈ భయం నాకూ ఉండేది. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం బర్క్‌లీలో జూలియానా బ్రైన్స్, సెరెనా చెన్ 2012లో ప్రచురించిన ప్రయోగాల్లో ఒకటి దీని మీదే. విద్యార్థులకు కష్టమైన పదాల పరీక్ష పెట్టారు. చాలామంది సరిగ్గా రాయలేకపోయారు. కొందరికి ‘ఇది అందరికీ కష్టమే, మిమ్మల్ని మీరు నిందించుకోకండి’ అని చెప్పారు. రెండో పరీక్షకు ముందు చదువుకునే అవకాశమిస్తే, మిగతావాళ్లకంటే ఎక్కువసేపు పుస్తకం పట్టుకున్నది వాళ్లే. కారణం అర్థం చేసుకోవడం కష్టం కాదు. తన్నులు తినే చోటికి మళ్లీ వెళ్లాలని ఎవరికి ఉంటుంది?

అయితే ఒక జాగ్రత్త. ‘పోనీలే’ అన్న మాటలో రెండు రకాలున్నాయి. గుడ్డ తీసుకుని తుడుస్తూ అనే పోనీలే ఒకటి. మాడిన బర్నరును చూడకుండా వంటగది తలుపు మూసేస్తూ అనే పోనీలే ఇంకొకటి. రెండోది జాలి కాదు, చాప చుట్టే. మీరన్న పోనీలే ఏ రకమో తెలియాలంటే చేతులు చూసుకోండి. గుడ్డ ఉందా, లేదా?

ఇంకో తడబాటు. ఈ అధ్యాయం చదివిన రెండు రోజులకు మీరు మళ్లీ తిట్టుకుంటారు. వెంటనే ‘చూశావా, మళ్లీ తిట్టుకున్నావు, నీకు ఇది కూడా చేతకాదు’ అని ఇంకో తిట్టు తగిలిస్తారు. బుద్ధుడు దీన్నే రెండు బాణాల పోలికతో చెప్పాడు. ఒక బాణం గుచ్చుకున్న నొప్పి తప్పదు. దాని మీద కుమిలిపోవడం మనకు మనమే గుచ్చుకునే రెండో బాణం. తిట్టుకున్నారా? నోటుబుక్కులో ఆ మాట రాసి, టైము వేయండి. అక్కడితో వదిలేయండి.

లోపాలను మాత్రమే లెక్కపెట్టడం కూడా తప్పు లెక్కే. కష్టంలో ఉన్న మనిషి మిమ్మల్ని వెతుక్కుంటూ వస్తాడా? పెళ్లిలో వంద మందికి వడ్డన మీకప్పగిస్తే చక్కబెడతారా? అవీ ఆ నోటుబుక్కులో పడాలి, తేదీలతో సహా. ఇక ఆ నోటుబుక్కు ఎవరికీ చూపించకండి. ఎవరో చదువుతారని తెలిస్తే చేతిరాత కూడా మారిపోతుంది.

ఒక మాట మాత్రం జాగ్రత్తగా వినండి. లోపలి తిట్లు ‘నువ్వు బతికి ఏం లాభం’ అనే దాకా వస్తే ఈ చిట్కాలతో సరిపెట్టుకోవద్దు. నోటుబుక్కు మూసి, ఇంట్లోవాళ్లనో స్నేహితులనో పక్కకు పిలవండి. భారత ప్రభుత్వం 2022 అక్టోబరులో మొదలుపెట్టిన టెలీ మానస్‌కు 14416 నంబరు మీద ఎప్పుడైనా ఫోన్ చేయొచ్చు. డబ్బు కట్టక్కర్లేదు, తెలుగులో మాట్లాడొచ్చు. జ్వరమొస్తే డాక్టరు దగ్గరికి వెళ్లినట్టే వెళ్లండి.

7. ఒక కవరు తెరవండి

నా బల్ల సొరుగులో రెండు నెలలపాటు ఒక రక్తపరీక్ష రిపోర్టు ఉండిపోయింది. మూడు నెలల చక్కెర సగటు చెప్పే పరీక్ష. తెల్ల కవరు, మూతి అతికించి ఉంది. ఆ సొరుగులోంచి పెన్ను కావాలన్నా పక్కింటి నుంచి అడిగి తెచ్చుకునేవాణ్ని. లోపల ఏముందో దాదాపు తెలుసు. నాకు భయం అంకె మీద కాదు. అంకె చూశాక నన్ను నేను అనబోయే మాటల మీద. తిన్న ప్రతి స్వీటూ, మానేసిన ప్రతి నడకా బయటికి తీసి, ఏడో తరగతి పిల్లవాణ్ని నిలబెట్టినట్టు నిలబెడతానని తెలుసు.

చివరికి ఒక ఆదివారం పొద్దున్న తెరిచాను. తెరిచే ముందు నాకు నేను ఒక మాట ఇచ్చుకున్నాను: ఇవాళ చదవడం మాత్రమే, తీర్పు లేదు. 8.1 ఉంది. 6.5 నుంచే మధుమేహం కింద లెక్క. మొహమంతా చెమట పట్టింది. ముద్దుపేరుతో ఒకసారి పిలుచుకున్నాను. కాగితం పళ్లెం కింద పెట్టి ఇడ్లీ తిన్నాను. సోమవారం డాక్టరుకు చూపించాను. ఆయన అడిగినవన్నీ ఎప్పుడు, ఎంత, ఎన్ని గంటలకు అనే ప్రశ్నలే.

మీ వంతు. తెరవని వాటిలో ఒక్కటి ఎంచుకోండి. అన్నింటికంటే చిన్నది. ఈ ఆదివారం, కాఫీ తాగాక, పొద్దున తొమ్మిదిలోపు. రాత్రి వద్దు, రాత్రిళ్లు మనసు ఎక్కువ తిడుతుంది. కుర్చీలో కూర్చోండి. ఫోను పక్క గదిలో పెట్టండి. కవరు చించి, మొదటి లైను నుంచి చివరి లైను దాకా చదవండి. ఏ నిర్ణయమూ తీసుకోకండి, ఎవరికీ ఫోను చేయకండి. కాగితం మడిచి, మీకు కనబడే చోట పెట్టండి. ఆ రోజుకు పని అయిపోయింది.